షుగర్ మూలుగను తినేస్తుందా? తోట అమ్మి స్టెమ్ సెల్స్ ఎక్కించాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక ఊరు. మా నాన్నకు 57 ఏళ్ళు. 12 ఏళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోళీలు వేసుకుంటాడు. మూడు నెలల కింద తోటలో బత్తాయి ముల్లు కుడి పాదంలో దిగింది. ఆయనకు తెలియనే లేదు. అదిప్పుడు పుండై మానటం లేదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4, హిమోగ్లోబిన్ 9.1 వచ్చాయి. తెలిసినవాళ్ళు చెబితే హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాం. షుగర్ వల్ల ఎముకల్లో మూలుగ ఎండిపోయిందనీ, తుంటి ఎముకలోంచి మూలుగ తీసి అందులోని స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే పుండు మానుతుందనీ, షుగర్ కూడా పోతుందనీ చెప్పారు. మూడున్నర లక్షలు అడిగారు. అన్న తోటలో కొంత అమ్ముదామంటున్నాడు. మూలుగ పాడైతే బ్లడ్ క్యాన్సర్ వస్తుందని ఎవరో అన్నప్పటి నుంచి టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. నల్లి బొక్కల సూప్ తాగిస్తే మూలుగ బలపడుతుందా? అమ్మకు కూడా ఆరేళ్ళుగా షుగర్. పోయిన ఏడాది ఇంట్లో జారిపడితే మణికట్టు విరిగింది. స్కాన్‌లో మాత్రం ఎముకలు గట్టిగానే ఉన్నాయన్నారు. ఇదీ మూలుగ సమస్యేనా?
– ఒక కూతురు

జవాబు: అమ్మా, ముందు అన్నకు తోట అమ్మొద్దని చెప్పండి. ఆ క్లినిక్‌కు అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే ఇంకో రూపాయి కట్టకండి. వాళ్ళు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది కాబట్టే మీరు అంత భయపడ్డారు. అందుకని ఏది నిజమో, ఎక్కడి నుంచి అబద్ధం మొదలైందో విడదీసి చెప్తాను.

షుగర్ మూలుగను దెబ్బతీస్తుంది. అది నిజం. మీ నాన్న మూలుగ ఎండిపోయిందన్నది మాత్రం ఏ పరీక్షా చేయకుండా అన్న మాట. నిజంగా మూలుగ ఎండిపోతే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది, ఒంటి మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, జ్వరాలు విడవవు. సీబీసీ అనే మామూలు రక్తపరీక్షలో మొదట అది తెలిసిపోతుంది. మీ దగ్గరున్న రిపోర్టు తీసి చూడండి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉంటే మూలుగ తన పని తాను చేస్తున్నట్టే.

పెద్దవాళ్ళలో రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ ముఖ్యంగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల్లో ఉంటుంది. పాదాల ఎముకల్లో ఉండేది దాదాపు అంతా కొవ్వు నిండిన పసుపు మూలుగే. ఎర్ర మూలుగలో మూలకణాలు ఉండేవి కొద్దిగానే. స్టెమ్ సెల్స్ అని మీకు చెప్పినవి ఇవే. ఆ కొద్ది కణాల నుంచే రక్తంలోని కణాలన్నీ పుడతాయి. ఒక్క ఎర్రకణాలే రోజుకు దాదాపు 20,000 కోట్లు తయారవుతాయి. ఇలాంటి కణాలున్నాయని 1961లో కెనడాలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో రుజువు చేశారు.

మూలకణం ఒంటరిగా బతకదు. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు, నరాల కొసలు, ఎముకను కట్టే కణాలు, కొవ్వు కణాలు ఉంటాయి. ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు రక్తంలోకి వెళ్ళాలో దానికి చెప్పేవి అవే. షుగర్ దెబ్బ మొదట తగిలేది ఈ చుట్టుపక్కల వాటికే. కంట్లో, కిడ్నీలో, పాదంలో ఏ సన్న నాళాలను, ఏ నరాలను పాడుచేస్తుందో మూలుగలోనూ వాటినే పాడుచేస్తుంది. తుంటి కీలు మార్చే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ నుంచి తీసిన మూలుగను ఇటలీ, బ్రిటన్ శాస్త్రవేత్తలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. షుగర్ ఉన్నవాళ్ళ మూలుగలో సన్న రక్తనాళాలు తగ్గి, కొవ్వు పెరిగి, మూలకణాలు కూడా తక్కువగా కనిపించాయి. మీది రైతు కుటుంబం కాబట్టి ఇలా చెప్తాను: ఇక్కడ మొదట చెడింది నారుమడి. మడిలో తడి లేనప్పుడు ఎంత మంచి విత్తనం తెచ్చి చల్లినా నారు లేవదు.

రెండో దెబ్బ ఇంకా ముఖ్యమైంది, మీ నాన్న పుండుతో దానికి నేరుగా సంబంధం ఉంది. మామూలుగా ఒంట్లో ఎక్కడైనా గాయమైతే, రక్తం అందక కండ ఇబ్బంది పడితే, మూలుగకు కబురు వెళ్తుంది. అప్పుడు మూలుగ కొన్ని కణాలను రక్తంలోకి వదులుతుంది, అవి గాయం దగ్గరికి చేరి కొత్త రక్తనాళాలు పుట్టడానికి సాయపడతాయి. 1997లో తకయుకి అసహారా, జెఫ్రీ ఇస్నర్ల బృందం ఇలాంటి కణాలను రక్తంలో గుర్తించింది. వాటిలో చాలావరకు తెల్లకణాల జాతికి చెందినవేనని తర్వాత తేలింది కానీ, గాయం మానడంలో అవి సాయపడతాయనే పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్ ఉన్నవాళ్ళ రక్తంలో ఇవి తక్కువగా తిరుగుతాయి.

తక్కువగా ఎందుకు తిరుగుతాయి? మూలకణాలను మూలుగలో పట్టి ఉంచేది సీఎక్స్‌సీఎల్12 అనే ఒక ప్రొటీన్. కబురు రాగానే నరాల ద్వారా ఆదేశం అంది, ఆ ప్రొటీన్ తగ్గి, కణాలు బయటికి రావాలి. షుగర్‌తో నరాల కొసలు పాడైతే ఆదేశం సరిగా అందదు, ప్రొటీన్ తగ్గదు, కణాలు లోపలే చిక్కుకుపోతాయి. మూలకణాలు దానం చేసేవాళ్ళకు వాటిని రక్తంలోకి రప్పించడానికి జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్ళలో దానికి కణాలు తక్కువగా వస్తాయని 2011లో ఒక అమెరికా బృందం చూపించింది. అదే బృందం షుగర్ ఉన్న ఎలుకలకు, ఆ ప్రొటీన్ పట్టును నేరుగా విడిపించే ఇంకో మందు ఇచ్చింది. కణాలు బయటికి వచ్చాయి! అంటే కణాలు ఉన్నాయి, వాటికి దారి దొరకటం లేదు. ఎండిపోయిందని చెప్పినవాళ్ళకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇంకో సంగతి ఉంది. షుగర్ విపరీతంగా ఉన్నప్పుడు మూలుగ కొన్ని రకాల తెల్లకణాలను అవసరానికి మించి తయారుచేస్తుంది. అవి పెద్ద రక్తనాళాల గోడల్లో చేరి పూడికను పెంచుతాయి. గుండెకూ, కాళ్ళకూ రక్తం తగ్గడంలో దీనికీ పాత్ర ఉందని ఎలుకల మీద 2013లో వచ్చిన పరిశోధన చూపింది. షుగర్ తగ్గించగానే వాటిలో ఆ అతి తయారీ తగ్గింది.

ఇప్పుడు ఆ క్లినిక్ మాటకు వద్దాం. మీ నాన్న తుంటిలోంచి మూలుగ తీసి ఆయనకే ఎక్కిస్తామంటున్నారు. అవి కూడా ఇన్నేళ్ళుగా అదే షుగర్‌లో నానిన కణాలే. వాటిని తీసి, రక్తం సరిగా అందని, బరువు మోస్తున్న, చీము పట్టిన పాదంలోకి పంపితే ఏం చేయగలవు? కాళ్ళకు రక్తప్రసరణ బాగా తగ్గినవాళ్ళ మీద దీన్ని నిజంగానే పరీక్షించారు. నెదర్లాండ్స్‌లో 160 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు వాళ్ళ మూలుగ కణాలనే రక్తనాళం ద్వారా ఎక్కించారు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2015లో ఫలితాలు వచ్చాయి. కాలు తీసేయాల్సి రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు. ఈ దిశగా పరిశోధన ఆగిపోలేదు, ఆగకూడదు కూడా. కానీ పరిశోధన వేరు, తోట అమ్మించి చేసే వ్యాపారం వేరు.

"షుగర్ కూడా పోతుంది" అన్న మాట మీద నాకు నిజంగా కోపం వచ్చింది. పిల్లల్లో, యువతలో ఎక్కువగా వచ్చే టైప్ 1 షుగర్ కొత్తగా బయటపడిన కొద్దిమందికి బ్రెజిల్‌లో మూలకణాలతో చికిత్స చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో ముందు రోగనిరోధక శక్తిని బలమైన మందులతో అణచివేశారు, ప్రమాదాలు కూడా ఎక్కువే. మీ నాన్నది 45 ఏళ్ళ వయసులో వచ్చిన, గోళీలతో ఇన్నేళ్ళు నడిచిన టైప్ 2 షుగర్. దాన్ని పోగొట్టే స్టెమ్ సెల్ చికిత్స ఈ రోజుకు మన దేశంలో అనుమతి పొంది లేదు.

చట్టం, నియమాలు కూడా మీ వైపే ఉన్నాయి. మూలకణాల విషయంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు ఆమోదం పొందిన చికిత్సలు తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే, అంటే రోగుల మీద చేసే పరిశోధనగానే చేయాలి. ట్రయల్‌లో చేరే రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబర్ కాగితం మీద రాసిస్తారా?" సీటీఆర్‌ఐ అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే జాబితా. ట్రయల్ అయితే ఆ నంబర్ ఉండాలి, డబ్బు అడగకూడదు. ట్రయల్ కాకపోతే ఆ చికిత్స చేయనే కూడదు.

డబ్బు మిగిలింది, ఇప్పుడు దాన్నీ, మీ ఓపికనూ ఎక్కడ పెట్టాలో చూద్దాం.

ముల్లు దిగినా తెలియలేదన్నారు. మొత్తం ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం అది. పాదంలో స్పర్శ పోయింది. నొప్పి తెలియదు కాబట్టి ఆయన ఆ పుండు మీదే నడుస్తూ ఉంటారు. అడుగు వేసిన ప్రతిసారీ పుండు మీద ఒంటి బరువంతా పడుతుంది, అప్పుడే పుట్టిన లేత కండ నలిగిపోతుంది. రోజూ డ్రెస్సింగ్ మార్చినా బరువు తీయకపోతే పుండు మానదు. ప్రత్యేకమైన కట్టు గానీ, చెప్పు గానీ వేసి ఆ చోట బరువు పడకుండా చేయాలి. తోటకు వెళ్ళడం కొన్నాళ్ళు పూర్తిగా మానాలి. "ఊరికే అలా చూసొస్తా" అని ఆయన బయల్దేరుతారు, నాకు తెలుసు. మీరు చెప్పులు దాచిపెట్టినా తప్పు లేదు.

నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో సర్జన్‌కు చూపించండి. ఆయన పుండు లోతు చూస్తారు. సన్నటి లోహపు పుల్లతో లోపల తడిమినప్పుడు గట్టిగా ఎముక తగిలితే, ఎముకకు చీము పట్టి ఉండొచ్చని అనుమానిస్తారు. మూడు నెలల పుండు కాబట్టి ఈ అనుమానం తప్పకుండా తీర్చుకోవాలి. ఎక్స్‌రే తీయిస్తారు, అవసరమైతే ఎంఆర్‌ఐ. మీ నాన్న విషయంలో షుగర్ వల్ల ఎముక పాడయ్యే అసలు ముప్పు ఇదే. స్టెమ్ సెల్స్ గురించి అంత మాట్లాడిన క్లినిక్ దీన్ని చూసిందా అని మీ ఉత్తరంలో వెతికాను, ఎక్కడా కనపడలేదు.

పాదానికి రక్తం ఎంత అందుతోందో కూడా చూడాలి. డాప్లర్ పరీక్షలో నాళం పూడుకుందని తేలితే హైదరాబాద్ నిమ్స్‌లో, ఉస్మానియాలో రక్తనాళాల సర్జన్లు ఉన్నారు. నాళం తెరిస్తే మూలుగ పంపే కణాలకు దారి కూడా తెరుచుకుంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీ నాన్న చికిత్స దాని కిందికి వస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. బీడీ తాగే అలవాటు ఉంటే ఈ రోజే మానిపించండి, ఇందులో బతిమాలడాలు వద్దు.

హెచ్‌బీఏ1సీ 10.4 ఉండి, మూడు నెలల పుండు ఉన్నప్పుడు గోళీలతో నెట్టుకురావడం కష్టం. డాక్టరు ఇన్సులిన్ రాస్తే వద్దనకండి. "ఒకసారి సూది మొదలుపెడితే జీవితాంతం వదలదు" అని మన ఊళ్ళలో పెద్ద భయం. పుండు మానాక చాలామందికి తగ్గిస్తారు, కొందరికి ఆపేస్తారు కూడా. ఆపలేకపోయినా నష్టం లేదు, కాలు మిగులుతుంది.

హిమోగ్లోబిన్ 9.1 గురించి. దానికి మూలుగను నిందించే ముందు నాలుగు సంగతులు చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. బీ12 లేకపోతే మూలుగ ఎర్రకణాలను సరిగా తయారుచేయలేదు, పైగా పాదాల తిమ్మిర్లు, మొద్దుబారడం ఇంకా పెరుగుతాయి. ఇది చవకగా సరిదిద్దగలిగే లోపం. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఐరన్ లోపం ఉందేమో చూడాలి. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు, అందుకే పరగడుపున, తిన్నాక చేసే షుగర్ పరీక్షలు కూడా కలిపి చూడమనండి. మూడోది కిడ్నీ. మూలుగకు ఎర్రకణాలు చేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ కిడ్నీలోనే పుడుతుంది, షుగర్‌తో కిడ్నీ దెబ్బతింటే అది తగ్గిపోతుంది. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. నాలుగోది ఆ పుండే. ఒంట్లో చీము, వాపు చాలాకాలం ఉంటే, ఐరన్ ఉన్నా మూలుగకు అందదు. వీటిలో చాలా పరీక్షలు జిల్లా కేంద్రంలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా డబ్బు లేకుండా జరుగుతాయి, ప్రభుత్వ డాక్టరు రాస్తే చాలు.

బ్లడ్ క్యాన్సర్ భయం వదిలేయండి. పైన చెప్పిన మూలుగ మార్పులు క్యాన్సర్ కావు. మూలుగ పరీక్ష అవసరమయ్యేది తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గినా, రక్తంలో అసహజమైన కణాలు కనిపించినా. అప్పుడు డాక్టరే చెప్తారు.

నల్లి బొక్కల సూప్ తాగితే అది కడుపులో అరిగి కొవ్వుగా, కొద్దిగా ప్రొటీన్‌గా మారుతుంది. మేక మూలుగ మనిషి మూలుగలోకి చేరదు. ఎప్పుడో పండక్కి తాగితే అభ్యంతరం లేదు, మందుగా రోజూ తాగించకండి. పుండు మానడానికి ఆయనకు కావాల్సింది ప్రొటీన్: గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు. కిడ్నీ రిపోర్టు చూశాక ఎంత పెట్టాలో అడగండి.

ఇక అమ్మ సంగతి. మీరు చివర్లో రాశారు గానీ, దీన్నీ చిన్నగా తీసుకోవద్దు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళ ఎముకలు స్కాన్‌లో గట్టిగానే కనిపిస్తాయి, అయినా మామూలు వాళ్ళకన్నా తేలిగ్గా విరుగుతాయి. సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఎముకలో ఖనిజం ఎంతుందో చెప్తుంది, నాణ్యత చెప్పదు. ఎముకను కట్టే కణాలూ, కొవ్వు కణాలూ మూలుగలోని ఒకే రకం మూలకణాల నుంచి వస్తాయి (రక్తాన్ని పుట్టించే మూలకణాలు వేరు, ఇవి వేరు). షుగర్‌లో ఆ మూలకణాలు కొవ్వు వైపు మొగ్గుతాయి. ఎముకలోని ప్రొటీన్‌కు చక్కెర అతుక్కుని అది పెళుసుబారుతుంది. కాబట్టి మీరడిగినట్టు ఇందులో మూలుగకూ భాగముంది.

మీ ప్రాంతంలో దీనికి ఫ్లోరైడ్ తోడవుతుంది. మర్రిగూడ, మునుగోడు చుట్టుపక్కల ఫ్లోరైడ్ బాధ ఏంటో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఫ్లోరైడ్ కూడా ఎముకను స్కాన్‌లో గట్టిగా చూపించి లోపల పెళుసు చేస్తుంది. రెండూ కలిసినచోట "ఎముకలు గట్టిగా ఉన్నాయి" అన్న రిపోర్టును నమ్మి ధీమాగా ఉండకూడదు. షుగర్ అదుపు తప్పితే దాహం పెరుగుతుంది. తాగేది బోరు నీళ్ళయితే ఫ్లోరైడ్ కూడా అంత ఎక్కువ లోపలికి పోతుంది, కిడ్నీ బలహీనపడితే బయటికి పోవడం తగ్గుతుంది. తాగడానికీ, వంటకూ మిషన్ భగీరథ నీళ్ళే వాడండి, తోటలో పని చేసేటప్పుడు కూడా బాటిల్‌లో అవే తీసుకెళ్ళండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగడానికి పనికిరావు. బోరు నీళ్ళు తప్పదనుకుంటే పరీక్ష చేయించాకే.

అమ్మ వాడే షుగర్ మందుల్లో పయోగ్లిటజోన్ ఉందేమో చీటీ చూడండి. ఆడవాళ్ళలో ఆ మందు ఎముక విరిగే ముప్పును పెంచుతుంది. ఒకసారి విరిగిన మనిషికి దాని బదులు ఇంకో మందు ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. విటమిన్ డీ, కాల్షియం పరీక్షలు చేయించి, కంటి చూపు చూపించండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించి, రాత్రి దారిలో ఒక బల్బు వెలగనివ్వండి.

నాన్న విషయంలో మాత్రం వారం కూడా ఆగకండి. ఈ లోపు జ్వరం, వణుకు వచ్చినా, పాదం ఎర్రగా వాచి ఆ ఎరుపు పైకి పాకినా, వేలు నల్లబడినా, పుండు వాసన వచ్చినా, తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేసి బయల్దేరండి. పాత రిపోర్టులు, వాడుతున్న గోళీల చీటీ ఒకే సంచిలో పెట్టి సిద్ధంగా ఉంచుకోండి.